ఒకే గీత, ఇరవై తొమ్మిది గుండెలు

దిగిన ఏడు 63, రోజు 41

నాలుగో గాలిబావి. ఎక్కింది చౌడేశ్వరి. తాడు పట్టింది హుసేనప్ప. నూట ఎనభై మెట్లు. పై వల నిండా ఎర్రదుమ్ము, రెండు బకెట్లు దించాను. ఫ్యాను రెక్క ఒకటి వంగితే సరిచేశాను. గని అడుగుకు దిగేసరికి పైన ఎండ తెల్లబడింది.

పని పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదు. ఇరవై రెండేళ్లుగా రాయలేదు కూడా. ఇవాళ రాస్తాను. చదివి కోప్పడేవాళ్లు కోప్పడవచ్చు.

నా కూతురు శివలీలకు నిన్నటితో పద్దెనిమిది నిండాయి. రెండేళ్లుగా నా వెనకే తాడు కట్టుకుని యాభై మెట్ల దాకా ఎక్కడం నేర్చుకుంది. ఇవాళ పరీక్ష గదిలో దాని రక్తం చూసి, కార్డు మీద నల్లగీత ముద్ర వేసి పంపారు. గుండెగోడ గీత. తల్లి నుంచో తండ్రి నుంచో పుట్టుకతో వచ్చే లోపం. గుండె కండ మందమవుతుంది, రక్తం పోయే దారి ఇరుకవుతుంది, ఒక్కోసారి కొట్టుకోవడం తడబడి మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. గీత ఉన్నవాళ్లు నిచ్చెన ఎక్కకూడదు, బరువు మోయకూడదు, ఊరి సభలో కూర్చోకూడదు. వాళ్లందరికీ ఒకటే పని. అట్టడుగున పుట్టగొడుగుల కొట్టం. బతికున్నన్నాళ్లూ.

లీల ఏడవలేదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "మా, యాభై మెట్లు ఎక్కినప్పుడు నాకేం కాలేదు గదా. నిన్న లేని జబ్బు ఈ పొద్దు యాడ నుంచి వచ్చింది?" అని అడిగింది.

వాళ్ల నాన్న కార్డు శుభ్రం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అంటే మిగిలింది నేనే.

రోజు 43

ఒకరికి గీత తేలితే ఇంటిల్లిపాదినీ పిలిచి పరీక్ష చేస్తారు. మావైపు ఇదే మొదటిది కాబట్టి నన్ను ఇంతవరకు ఎవరూ చూడలేదు. నేను వాళ్లు పిలిచేదాకా ఆగలేదు. పొద్దున్నే దిగీ దిగగానే, చేతులకు దుమ్ముతోనే పరీక్ష గదికి పోయాను.

అక్కడ ఉండేది కాశింబీ. మందుల గది, రక్తం పరీక్షలు, గుండె స్కానింగ్ అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంటుంది. నాకంటే ఆరేళ్లు చిన్న. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"ఏంటికక్కా తొందర? పిలిచినప్పుడు వద్దువు. ఇంగ పది రోజులైనా ఎక్కుతావు."

"పది రోజులు దాక్కుని ఎక్కేదానికి నేనేమన్నా దొంగనా? తీయి రక్తం."

మిషన్ కాగితం బయటికి రావడానికి గంట పట్టింది. గీత ఉంది. లీలకు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే.

అప్పుడు అడిగాను, మద్దిలేటిది కూడా చూడమని. మద్దిలేటి నా తమ్ముడు. నాకంటే ఏడాదిన్నర చిన్న. పదిహేడేళ్ల కింద రెండో గాలిబావిలో నూట ఇరవయ్యో మెట్టు మీద చేతులు వదిలేశాడు. అప్పుడు వాడికి ఇరవై ఆరు. అందరూ వడదెబ్బ అన్నారు.

మా తాతలు ఎండకు ఓడి ఈ నాపరాయి గనిలోకి దిగినప్పటి నుంచి, ఏటా ప్రతి మనిషి దగ్గరా ఒక రక్తపు చుక్క తీసి మందపాటి కాగితం మీద ఆరబెట్టి దాస్తారు. విషజ్వరాలు వచ్చిన కాలంలో మొదలైన అలవాటు. కాశింబీ వెనక గదిలోకి పోయి మద్దిలేటి కాగితాలు తెచ్చింది. చివరి చుక్క చెట్టు బెరడు రంగులో ఉంది. దాన్ని నీళ్లలో నానబెట్టి మిషన్‌కు పెట్టింది.

వాడిదీ అదే గీత.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. తరువాత అడిగాను. "ఒకే తల్లి బిడ్డలం. ఒకే గీత. ఒకే నిచ్చెన. వాడు ఇరవై ఆరుకు పోయినాడు. నాకు నలభై నాలుగు, ఇంగా ఎక్కుతాండా. ఎట్లా?"

"తెలీదక్కా."

"తెలీకుండానే నా బిడ్డను కొట్టంలోకి తోస్తారా?"

ఆమె తల దించుకుంది. కోపం ఆమె మీద కాదని చెప్పాను. కానీ గట్టిగానే చెప్పాను.

రోజు 46

సభ నన్ను పిలిచి నడుము తాడు, బావి తాళం తీసుకుంది.

సభ పెద్ద కంబగిరికి అరవై దాటాయి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అయిదేళ్ల కింద గీతలు చదివే మిషన్ కోస్తా ఊళ్ల నుంచి వచ్చినప్పుడు ఈ నియమం రాసింది ఆయనే.

"నీ మంచికే చెప్తాండా చౌడేశ్వరీ. కింద కూర్చో. చల్లగా ఉంటాది. మంచి తిండి పెడతాం."

"ఇరవై రెండేళ్లు ఎక్కినా కంబగిరన్నా. ఒక్కనాడన్నా జారినానా?"

"మద్దిలేటి కూడా ఒక్కనాడే జారినాడు."

ఆయన ఆ రోజు రెండో బావి కింద తాడు పట్టుకున్న మనిషి. మద్దిలేటిని రెండు చేతులా ఎత్తుకుని మా గుమ్మం దాకా మోసుకొచ్చింది ఆయనే. ఆయనను తిట్టడం నాకు చేత కాలేదు. అయినా ఒప్పుకోలేదు.

"మా ఇద్దరికీ తేడా ఏందో కనుక్కుంటా. కనుక్కునే దాకా ఈ నియమం తప్పని చెప్తానే ఉంటా."

"కనుక్కో. నిచ్చెన మాత్రం ఎక్కొద్దు" అన్నాడు.

పని పుస్తకం కూడా ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. హుసేనప్ప కొత్తది కుట్టుకున్నాడు.

రోజు 49

కొట్టంలో మొదటి వారం. పొడవాటి చావిడి, తడి గడ్డి వాసన, గోడల నిండా అరలు. గీతవాళ్లు ఇరవై ఆరుగురు. లీల, నేను కలిస్తే ఇరవై ఎనిమిది. అరవై కుటుంబాలు దిగిన ఊరు కాబట్టి అందరం ఏదో ఒక వరసలో చుట్టాలమే.

వీళ్లను చూస్తే భయం వేసింది. గడ్డి మోపు ఎత్తి అరలో పెట్టడానికి కొందరు మధ్యలో కూర్చుంటున్నారు. ముప్ఫై ఏళ్లవాళ్ల పెదవులు నీలంగా ఉన్నాయి. ఇంకొందరేమో నాకంటే చురుగ్గా తిరుగుతున్నారు. వాళ్లకూ వీళ్లకూ అదే గీత.

"నాలుగేండ్ల కింద వచ్చినప్పుడు ఇట్లా లేను వదినా" అన్నాడు పీరయ్య. నలభై ఏళ్లుంటాయి. ఇదివరకు నీళ్ల గొట్టాలు బిగించేవాడు. "కూచ్చుని కూచ్చుని ఇట్లయినానేమో."

మధ్యాహ్నం తిండి వచ్చింది. జొన్నరొట్టె, పప్పు, పక్కన ఒక్కొక్కరికీ రెండు బలం దిమ్మెలు. అరచేయంత తెల్లటి కొవ్వు ముక్కలు. కింది తొట్లలో పెంచిన కొవ్వును గడ్డకట్టించి చేస్తారు. నిచ్చెన ఎక్కేవాళ్లకు వారానికి రెండు ఇస్తారు, గట్టిగా ఉండాలని. గీతవాళ్లకు రోజూ రెండు, గుండె బలహీనం కదా అని. సభ జాలిపడి చేసిన ఏర్పాటు.

నా వాటా లీలకు ఇవ్వబోయాను. అది ముక్కు మూసుకుంది. దానికీ నా లాగే ఆ వాసన పడదు.

నేను పనిలో చేరిన మొదటి నెలలో ఒక దిమ్మె తిని మెట్ల మీదే వాంతి చేసుకున్నాను. ఆ తరువాత ఎప్పుడూ ముట్టలేదు.

రోజు 57

కాశింబీ స్కానింగ్ మిషన్‌ను తోపుడు బండి మీద కొట్టానికి తెచ్చింది. సభను అడగలేదు. "జబ్బు మనుషులను చూసేదానికి నాకు ఎవరి పర్మిషన్ కావల్ల?" అంది. ఆమెలో ఈ గట్టిదనం నేను ఇంతకు ముందు చూడలేదు.

మూడు రోజులు కొలిచాం. ఒక్కొక్కరి గుండె గోడ ఎన్ని మిల్లీమీటర్లో నేను సుద్దముక్కతో నాపరాయి గోడ మీద రాశాను. పక్కనే ఆరిన రక్తపు చుక్కల్లో ఏ ఏడు కొవ్వు ఎంత ఉందో రాశాను. కాశింబీ చదివింది, నేను రాశాను, లీల సరిచూసింది.

మొదటి రోజు సాయంత్రానికి ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు లీల, "మా, పేర్ల వరసలో కాదు, కొవ్వు వరసలో రాద్దాం" అంది. తుడిచి మళ్లీ రాశాం.

అప్పుడు కనబడింది. చెడ్డ కొవ్వు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నవాళ్ల గోడలు పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. తక్కువగా ఉన్నవాళ్లవి పదకొండు, పన్నెండు, పదమూడు. ఆయాసం కూడా అదే వరసలో. కొట్టానికి వచ్చిన నాలుగేళ్లలో, రోజూ దిమ్మెలు తింటూ, చాలామంది రక్తంలో కొవ్వు రెట్టింపయింది. నాది పదమూడు. లీలది తొమ్మిది, అంటే ఎవరి గుండెకైనా ఉండేంతే.

ఒక్క పీరయ్య మాత్రం వరసలో కుదరలేదు. అతని రక్తంలో కొవ్వు నా అంత తక్కువ. గోడ మాత్రం ఇరవై ఒకటి.

"ఆయనను పక్కన పెడదామా?" అన్నాను.

కాశింబీ నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. "నచ్చనిది గూడా రాయల్ల అక్కా. గీత ఒక్కటే నిజం కాదని చెప్తాండాం. కొవ్వు ఒక్కటే నిజమని చెప్తే మనమూ వాళ్ల మాదిరే అయితాం. ఇరవై ఎనిమిది మందే మనం. ఇది సాక్ష్యమే, తీర్పు కాదు."

పీరయ్య పేరు పెద్ద అక్షరాలతో రాసింది.

రోజు 60

మద్దిలేటి కాగితాలు చివరన చూశాం. గోడ కొలవడానికి మనిషి లేడు. కొవ్వు మాత్రం ఉంది. పనిలో చేరిన ఏడు మామూలు. రెండో ఏడు ఎక్కువ. మూడు, నాలుగు, అయిదు... గోడ మీద రాసిన ఇరవై ఎనిమిది మందిలో ఎవరికీ అంత లేదు.

కాశింబీ ఆశ్చర్యపోయింది. "అక్కా, వారానికి రెండు దిమ్మెలకు ఇంత ఎట్లయితాది?"

రెండు కాదు. నాలుగు.

నా రెండూ వాడికే ఇచ్చేదాన్ని. అయిదేళ్లు, ప్రతి వారం. వాడికి ఇష్టం. రొట్టె మీద పూసుకుని, ఉప్పు చల్లుకుని తినేవాడు. "అక్క వాటా తిని అక్క కంటే ముందు పైకి చేరతా" అని నవ్వేవాడు. నేను మురిసిపోయేదాన్ని.

కాశింబీ ఏదో చెప్పింది. ఆ కొవ్వు లేకపోయినా గీత అతన్ని తీసుకుపోయి ఉండొచ్చని, తెలియక చేసిందానికి బాధ్యత ఉండదని. విన్నాను. లీల నా పక్కన కూర్చుని నా వీపు మీద చెయ్యి పెట్టింది. ఎంతసేపు పెట్టిందో తెలియదు.

ఇంతకంటే ఇవాళ రాయలేను.

రోజు 64

ఇవాళ్టి నుంచి ఎవరినీ దిమ్మె తిననివ్వనని చెప్పబోయాను. లీల ఆపింది. "తిననియ్యననేదానికి నువ్వు సభవా మా? చెప్పు. వాళ్ల ఇష్టం."

చెప్పాను. గోడ చూపించాను. మద్దిలేటి సంగతి, నా సంగతి దాచకుండా చెప్పాను. ఇరవై ఇద్దరు మానేస్తామన్నారు. ఆరుగురు మానలేమన్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

ఊరు ఇచ్చిన తిండి పారేస్తే నేరం. కాబట్టి పారేయలేదు. ఇవాళ మధ్యాహ్నం నలభై నాలుగు దిమ్మెలు గంపల్లో మోసుకుపోయి సభ గుమ్మం ముందు, ఇటుకల్లాగా వరసలు పేర్చాం. పీరయ్య కూడా రెండు తెచ్చి పెట్టాడు. "నా పేరు వరసలో కుదరకపోతేనేం, నా దిమ్మెలు కుదురుతాయి" అన్నాడు.

రోజు 75

సభ గుమ్మం ముందు దిమ్మెల గోడ మోకాలు ఎత్తయింది. సభవాళ్లు దాటుకుని పోతున్నారు. మూడు రోజులకొకసారి తీయించి తొట్లలో వేయిస్తున్నారు. మేము రోజూ పేరుస్తూనే ఉన్నాం.

రోజు 83

కంబగిరి కొట్టానికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. సుద్దతో రాసిన గోడ ముందు నిలబడి కింది నుంచి పైకి చదివాడు. మద్దిలేటి పేరు దగ్గర ఆగాడు.

"దిమ్మెలు ఇయ్యమన్నది నేను" అన్నాడు. "నిచ్చెన వాళ్లకు మా నాయన కాలం నుంచి ఉండాది. కొట్టంలో వాళ్లకు నేను పెట్టించినా. వాళ్లకు ఏదన్నా మంచి చెయ్యాలని."

"నాకు తెలుసన్నా."

"నన్ను అనల్లంటే అను."

"నిన్ను అంటే నన్ను నేను గూడా అనుకోవల్ల. మద్దిలేటికి నా వాటా పెట్టింది నేనే."

ఆయన నా వైపు తిరిగాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేక గోడనే చూస్తూ నిలబడ్డాం.

తరువాత మెల్లగా అన్నాడు. "దిమ్మెలు ఆపిస్తా. అది నా చేతిలో పని. కానీ నిచ్చెన సంగతి అడగొద్దు. ఇంగో బిడ్డను మోసే బలం నాకు లేదు."

"నీకు బలం లేదని నా బిడ్డ బతుకంతా ఈ చీకట్లో గడపల్లా?"

వెనక్కి తిరిగి పోయాడు. రేపటి నుంచి కొట్టానికి దిమ్మెలు రావని సాయంత్రం కబురు వచ్చింది. సగం గెలిచాం. సగం గెలుపుతో నేను ఊరుకునే మనిషిని కాదు.

రోజు 118

పీరయ్య చనిపోయాడు.

పొద్దున అరల మధ్య నిలబడి, కొట్టంలో కొత్తగా చేరిన ముసలాయనకు గడ్డి ఎట్లా తడపాలో చెప్తున్నాడు. మాట మధ్యలో కూలిపోయాడు. కాశింబీ పరిగెత్తి వచ్చేసరికి అయిపోయింది. బరువు ఎత్తలేదు. మెట్టు ఎక్కలేదు. సమతలం మీద నిలబడి ఉన్నాడు.

సభలో ఒకరన్నారట, చూశారా, గీత ఉంటే అంతే, కొవ్వు మానినా అంతే అని. ఆ మాట విని సభకు పోయాను. నన్ను లోపలికి రానివ్వకూడదు. అయినా గుమ్మంలో నిలబడి అరిచాను.

"పీరయ్య నిచ్చెన మీద పోలేదు. మీ నియమం ఆయనను కాపాడలేదు. మా గోడ మీది లెక్క గూడా కాపాడలేదు. ఆయన గుండె గోడ ఇరవై ఒకటి, కొట్టుకోవడం తడబడతాందని కాశింబీకి తెలుసు. ఆ మనిషికి కావాల్సింది మందు, పడక, పక్కన ఒక మనిషి. మీరేం ఇచ్చినారు? నా బిడ్డకు ఇచ్చిందే ఇచ్చినారు. గుండె ఎట్లున్నా అందరికీ ఒకటే కొట్టం!"

పీరయ్య పెళ్లాం నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. నేను ఆమెను ఓదార్చాల్సింది.

రోజు 121

కాశింబీ, నేను కలిసి కొత్త నియమం రాశాం. గీత ఉన్నా లేకపోయినా, నిచ్చెన ఎక్కే ప్రతి ఒక్కరికీ మూడు నెలలకొకసారి పరీక్ష. గుండె గోడ పదిహేను దాటకూడదు. రక్తంలో కొవ్వు హద్దులో ఉండాలి. ఇంతవరకు కాశింబీ చెప్పింది.

మూడోది నేను చేర్పించాను. ఒక రోజంతా ఛాతీకి పట్టీ కట్టి గుండె కొట్టుకోవడం చూడాలి. వేగంగా తడబడే పరుగు ఒక్కసారి కనబడినా ఎక్కకూడదు. పీరయ్య కోసం చేర్చాను. గోడ పలచగా ఉన్నవాళ్లలో కూడా అది రావచ్చని కాశింబీ చెప్పింది.

ఎక్కలేని వాళ్లకు వైద్యం, వాళ్లకు తగిన పని. కొట్టం ఒక్కటే కాదు.

సభకు ఇచ్చాం. చూస్తామన్నారు.

రోజు 158

దిమ్మెలు మాని మూడు నెలలు దాటింది. మళ్లీ కొలిచాం. మానేసిన ఇరవై ఒక్కరిలో, ఎప్పుడూ ముట్టని లీలకూ నాకూ తప్ప, అందరికీ రక్తంలో కొవ్వు తగ్గింది. గుండె గోడలు పలచబడలేదు. అట్లా పలచబడతాయని కాశింబీ ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఎవరికీ ఇంకా మందం కాలేదు. పద్నాలుగు మందికి ఆయాసం తగ్గింది. ఏడుగురికి ఏ తేడా లేదు. దిమ్మెలు రాకపోయినా నిచ్చెన ఎక్కే చుట్టాల వాటా తెప్పించుకుని తిన్న ఆరుగురిలో ఇద్దరి గోడ ఒక్కో మిల్లీమీటరు పెరిగింది.

అన్నీ గోడ మీద ఎక్కించాం. నచ్చినవీ నచ్చనివీ.

సభ ఇంకా చూస్తూనే ఉంది.

రోజు 163

హుసేనప్ప కొట్టానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. పద్నాలుగు మంది ఎక్కేవాళ్లకు పెద్ద. వాళ్లు కూడా ఈ నెల నుంచి దిమ్మెలు ముట్టడం లేదట.

"చెల్లే, మావాళ్లు ఒక మాట అనుకున్న్యారు. లీలనూ మమ్మల్నీ ఒకే మాదిరి కొలిచే దాకా మేము గూడా ఎక్కం."

"గాలిబావులు మూసుకుపోతాయన్నా."

"మూసుకుపోనీ. సభవాళ్లు పీల్చేది గూడా ఆ గాలే గదా."

ఇది నేను అడగలేదు. అడిగి ఉండేదాన్ని కూడా కాదు. వద్దని మాత్రం చెప్పలేదు.

రోజు 166

ఎక్కడం ఆపి మూడో రోజు. పదకొండు బావుల్లో తొమ్మిదింటి వలలు దుమ్ముతో నిండాయి. గాలి బరువెక్కింది. కొట్టంలో దీపాలు మసకబారాయి. పసిబిడ్డల తల్లులు, పడక మీదున్న వాళ్లు ఒకటో బావి కిందికి చేరారు. దాన్ని మాత్రం హుసేనప్ప మనుషులే శుభ్రం చేస్తున్నారు, చిన్నవాళ్లకూ జబ్బువాళ్లకూ గాలి ఆగకూడదని.

సాయంత్రం కంబగిరి మా కొత్త నియమం మీద సంతకం పెట్టాడు. సంతకం పెడుతూ నన్ను ఒక్కటే అడిగాడు. "లీల పడితే?"

"పడితే నేను మోస్తా. నిన్ను మోయమని అడగను."

రోజు 171

అందరినీ కొలిచారు. పద్నాలుగు మందినీ, లీలనూ, నన్నూ. కార్డు శుభ్రంగా ఉన్నవాళ్లలో ఇద్దరు పరీక్షలో ఆగిపోయారు. ఏళ్ల తరబడి దిమ్మెలు తిన్న కొవ్వు. ఒకరికి మెట్ల పరీక్షలో ఛాతీలో నొప్పి కూడా వచ్చింది. గీత లేదు కదా అని ఇన్నాళ్లూ ఎవరూ వాళ్లను చూడలేదు.

లీల గోడ తొమ్మిది. కొవ్వు తక్కువ. రోజంతా పట్టీ కట్టినా గుండె ఒక్కసారి తడబడలేదు. ఎక్కవచ్చు.

నా గోడ పదమూడు. కొవ్వు కొట్టంలో అందరికంటే తక్కువ. కాశింబీ పట్టీ కాగితం చూస్తూ చూస్తూ ఆగిపోయింది. కాగితాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

"అక్కా, ఇంగో రోజు కడదాం. పట్టీ సరిగ్గా అతుక్కోలేదేమో."

"అతుక్కుంది. నువ్వే గదా కట్టినావు."

"తడబాటు మూడుసార్లు వచ్చింది. మూడూ చిన్నవే. నీకు తెలిసిందా?"

తెలిసింది. మధ్యాహ్నం ఒకసారి ఛాతీలో చిన్న పక్షి రెక్కలు కొట్టినట్టయింది. ఏడాదిగా అప్పుడప్పుడూ అవుతూనే ఉంది. ఆయాసం కాదు కాబట్టి లెక్కచేయలేదు.

"రాయి" అన్నాను.

"అక్కా..."

"నచ్చనిది గూడా రాయల్లని చెప్పింది ఎవురు?"

ఆమె కళ్ల నీళ్లు తుడుచుకుని రాసింది. చౌడేశ్వరి. ఎక్కకూడదు.

రోజు 172

కంబగిరి మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఇరవై రెండేండ్లు ఎక్కిన మనిషివి. నీకొక్కదానికి మినహాయింపు రాయిస్తా. ఎవురూ కాదనరు" అన్నాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఇవ్వాలనుకున్నాడు.

ఆశ పడలేదని అబద్ధం రాయను. నిచ్చెన చివర వల తీసినప్పుడు మొహం మీద పడే గాలి, ఆ కాసింత ఆకాశం. అవి ఇంక లేవు.

"వద్దన్నా. నన్ను చూడకుండా కార్డును చూసి దింపినప్పుడు నేను దిగనన్నా. ఇప్పుడు నన్నే చూసినారు. నా గుండెనే చూసినారు. నేను రాసిన నియమం నాకే చెల్లకపోతే ఇంగెవరికి చెల్లుతాది?"

ఆయన లోపలికి ఒక అడుగు వేసి, "మీ తమ్ముడు గూడా నీ మాదిరే మొండి" అన్నాడు. పదిహేడేళ్లలో ఆయన నోట మద్దిలేటి చావు గురించి కాకుండా మద్దిలేటి గురించి విన్న మొదటి మాట అది. కూర్చోబెట్టి రొట్టె పెట్టాను.

కాశింబీ నాకు మందు మొదలుపెట్టింది. రెండు పూటలా మింగాలి. మింగుతున్నాను.

రోజు 180

నాలుగో గాలిబావి. ఎక్కింది శివలీల. తాడు పట్టింది హుసేనప్ప. నన్ను పట్టుకోనివ్వలేదు. నా చేతులు వణుకుతాయన్నారు.

నూట ఇరవయ్యో మెట్టు దగ్గర అది ఆగింది. కింద అందరం ఆగిపోయాం. కంబగిరి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నేను పిలవలేదు.

"ఏమైంది?" అని హుసేనప్ప అరిచాడు.

"చెమట కళ్లల్లో పడింది!" అని పై నుంచి జవాబు వచ్చింది. తుడుచుకుని మళ్లీ ఎక్కింది.

మూడు బకెట్ల దుమ్ము దించింది. నాకంటే ఒకటి ఎక్కువ. పైనుంచి దిగాక మొహమంతా ఎరుపు, పళ్లు మాత్రం తెలుపు. "మా, పైన మబ్బు ఉండాది. నిజంగా మబ్బు" అంది.

రోజు 214

కాశింబీ నాకు స్కానింగ్ నేర్పుతోంది. జెల్ ఎంత రాయాలో, పిడి ఎంత వంచాలో, గోడ అంచు ఎక్కడ పట్టాలో. మొదట్లో నాకు అంతా పొగమంచులా కనబడేది. ఇప్పుడు గుండె నాలుగు గదులూ తెలుస్తున్నాయి. కొట్టంలో వాళ్లందరినీ నేనే కొలుస్తాను. అందులో అయిదుగురు పైకి వచ్చారు. ఇద్దరు బడిలో చెప్తున్నారు, ఒకామె నీళ్ల గొట్టాల పని, ఒకతను వంటశాల, ఒకామె లీలతో పాటు నిచ్చెన. మిగతావాళ్లకు కొట్టంలోనే వైద్యం, వెలుతురు, వంతులవారీ పని. ముగ్గురి పరిస్థితి బాగా లేదు. వాళ్ల దగ్గర రోజూ కాసేపు కూర్చుంటాను.

ఇవాళ పద్దెనిమిదేళ్ల అమ్మాయి వచ్చింది. రామేశ్వరి. వంటశాల మునెమ్మ మనవరాలు. కార్డు చేతిలో గట్టిగా నలిపి పట్టుకుంది. తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రాలేక, "అక్కా, నాకు గీత ఉందంట. ఇంగ నా పని అయిపోయినట్టేనా?" అని అడిగింది.

కార్డు తీసుకుని చూడకుండా బల్ల మీద బోర్లించాను.

"ఇట్లా వచ్చి పడుకో. ఎడమ పక్కకు తిరుగు. జెల్ చల్లగా ఉంటాది, ఉలిక్కిపడొద్దు."

పడుకుంది. దీపం తగ్గించి పిడి పెట్టాను. దాని గుండె తెర మీదికి వచ్చింది, భయంతో గబగబా కొట్టుకుంటూ.

"మొదట ఊపిరి తీసుకో" అన్నాను. "చూద్దాం."